కడుపే ల్యాబ్, విరేచనమే రిపోర్టు

2020 ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో ఒక వేదిక మీద తెలంగాణ మంత్రులు నిలబడి కోడిముక్కలు తిన్నారు. కేటీఆర్ తిన్నారు. వైద్య ఆరోగ్యశాఖ చూస్తున్న ఈటల రాజేందర్ తిన్నారు. పశుసంవర్ధక శాఖ చూస్తున్న తలసాని శ్రీనివాస్ యాదవ్ తిన్నారు. చికెన్ తింటే కరోనా వస్తుందని వాట్సాప్‌లో పుట్టిన పుకారు కోళ్ళ పరిశ్రమ నడ్డి విరగ్గొడుతోంది కాబట్టి, ఆ పుకారును నలుగురి ముందూ నమిలి మింగేయడానికి ఏర్పాటు చేసిన సభ అది. కెమెరాలు వచ్చాయి, ఫొటోలు పడ్డాయి, జనం శాంతించారు.

పుకారు తప్పే. ఉడికిన కోడిలోంచి కరోనా రాదని మంత్రులు చెప్పింది ఒప్పే. నా పేచీ అంతా రుజువు చేసిన పద్ధతితోనే. ఒక తిండి మంచిదా కాదా తేల్చడానికి ప్రభుత్వం దగ్గర సవాలక్ష పరికరాలుంటాయని అమాయకంగా అనుకుంటాం. తీరా అవసరం వచ్చేసరికి బయటికి తీసిన పరికరం మంత్రిగారి నోరు. అది ఖాళీగా దొరకని రోజుల్లో, అంటే ఏడాది పొడుగునా, ఆ పని మన నోళ్ళతో చేయిస్తున్నారు. మనకు ఫొటోగ్రాఫర్ ఉండడు, అంతే తేడా.

ఈ కళ మనం కనిపెట్టింది కాదులెండి. బ్రిటన్‌లో 1988 డిసెంబరులో ఎడ్వినా కరీ అనే జూనియర్ ఆరోగ్యమంత్రి, దేశంలో గుడ్ల ఉత్పత్తి చాలావరకు సాల్మొనెల్లా బారిన పడిందని కెమెరా ముందు అనేసింది. గుడ్ల అమ్మకాలు కుప్పకూలాయి, రైతులు మండిపడ్డారు, రెండు వారాలు తిరక్కుండా ఆమె రాజీనామా చేసింది. ‘చాలావరకు’ అన్నది అతి. గుడ్లలో సాల్మొనెల్లా ఉన్నమాట మాత్రం నిజం. అది నిజం కాబట్టే పదేళ్ళ తర్వాత అక్కడి కోళ్ళకు టీకాలు వేయడం మొదలుపెట్టి, టీకా పడ్డ కోడి గుడ్డు మీద సింహం ముద్ర కొట్టారు. ఇక రెండో మంత్రి కథ. 1990లో పిచ్చి ఆవుల జబ్బు భయం పట్టుకున్నప్పుడు వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్ తన నాలుగేళ్ళ కూతురికి కెమెరాల ముందు బర్గర్ అందించాడు. ఆయన పదవికి ఢోకా లేదు. ఆ జబ్బుకీ మనుషులకు వచ్చే ప్రాణాంతక వ్యాధికీ సంబంధం ఉందని 1996లో అదే ప్రభుత్వం ఒప్పుకోవాల్సి వచ్చింది. ఉన్న క్రిమిని ఉందన్నామె ఇంటికి, లేదని బర్గర్ అందించినాయన మళ్ళీ సీటుకి. రాజకీయాల్లో పైకి రావాలనుకునే కుర్రాళ్ళు ఏ పాఠం నేర్చుకోవాలో చెప్పాలా?

సరే, మన వీధిలోకి వద్దాం. ఆదివారం పొద్దున ఏ చికెన్ షాపు ముందైనా ఒక పావుగంట నిలబడితే, తెలుగువాడు వినియోగదారుడిగా ఎంత చురుకైనవాడో తెలుస్తుంది. బోనులోంచి తీసిన కోడి బతికే ఉందా, మెడ వాల్చిందా అని చూస్తాడు. కాటా సున్నా దగ్గర మొదలైందా లేదా చూస్తాడు. తూచిన కోడీ కోసిన కోడీ ఒకటేనా అని కళ్ళార్పకుండా చూస్తాడు. బోర్డు మీద లైవ్ ఇంత, డ్రెస్డ్ ఇంత, స్కిన్‌లెస్ ఇంత అని రాసి ఉంటే, మూడింటికీ మనసులో లెక్కకట్టి ఏది గిట్టుబాటో క్షణంలో తేలుస్తాడు. లివరూ కందనకాయా కవర్లో పడ్డాయో లేదో తడిమి మరీ చూసుకుంటాడు. ఇంత నిఘా పెట్టినవాడి కంటికి ఆనంది ఒక్కటే, ఆ కోడిని ఎక్కడ పెట్టి నరుకుతున్నారన్నది.

నరుకుతున్నది చెక్కమొద్దు మీద. ఏళ్ళ తరబడి కత్తివేట్లు పడి మధ్యలో పళ్ళెంలా గుంట తేలిన మొద్దు. ప్రతి గాటులోనూ నిన్నటి నెత్తురు, మొన్నటి కొవ్వు. సాయంత్రం షట్టర్ వేసేముందు కత్తితో పైపైన గీకి గుప్పెడు ఉప్పు చల్లితే అదే శుద్ధి. పక్కన ప్లాస్టిక్ డ్రమ్ము. మెడ తెగిన కోడి తలకిందులుగా అందులో పడి కాసేపు దబదబ కొట్టుకుంటుంది, అంతకుముందు పడ్డ కోళ్ళ నెత్తుటిలోనూ రెట్టలోనూ. చర్మంతో కావాలన్నవాడికి వేడినీళ్ళ గిన్నెలో ముంచి తీస్తారు. ఆ నీళ్ళు పొద్దున పోసినవి, పదకొండు గంటలకి వాటి రంగు వర్ణించకపోవడమే మర్యాద. తర్వాత ఈకలు పీకే మిషన్. లోపల రబ్బరు వేళ్ళు గిరగిరా తిరిగి ఒక కోడి ఒంటి మీదున్నదాన్ని తర్వాతి కోడికి, దాని మీదున్నదాన్ని ఆ తర్వాతిదానికి పక్షపాతం లేకుండా పంచుతాయి. పొట్ట చీల్చేటప్పుడు పేగు తెగితే (తొందరలో తెగుతుంది) అందులో ఉన్నదంతా మొద్దు మీదికే. ఒక గుడ్డతో తుడుస్తాడు. అదే గుడ్డతో కత్తి తుడుస్తాడు, చెయ్యి తుడుస్తాడు, ఆ చేత్తోనే చిల్లర ఇస్తాడు.

సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే మహానుభావులిద్దరూ నివాసముండేది కోడి పేగుల్లోనే. కోడికి చాలాసార్లు ఏమీ కాదు, మేత తింటుంది, బరువు పెరుగుతుంది, బోనులో హుషారుగా అరుస్తుంది. కోడి బతికుండగా చూసి కొన్నాం కాబట్టి మనకేం భయం లేదనుకునే పెద్దమనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. వాసన చూసి కొనేవాడికీ చెప్పలేదు. వాసన కొట్టేది కుళ్ళబెట్టే క్రిములు. జబ్బు చేసే క్రిములు వాసనతో తమ ఉనికి చాటుకోవు. ముక్కు పసిగట్టేది బేరానికి పనికొస్తుంది, కడుపుకి పనికిరాదు.

అదే షాపులో గోడకి చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. ఫోనులో మీట నొక్కగానే ఎన్ని రూపాయలు అందాయో వీధంతా వినబడేలా అరుస్తుంది. ఎక్కడో ఉన్న మీ బ్యాంకులోంచి ఇంకెక్కడో ఉన్న అతని బ్యాంకులోకి సొమ్ము వెళ్ళిన సంగతి కళ్ళు మూసి తెరిచేలోగా తేల్చేసే దేశం ఇది. రెండడుగుల దూరంలో ఉన్న మొద్దు మీద ఏముందో మాత్రం మనకు తెలియదు. తెలుసుకోవడం చేతకాకనా?

సాల్మొనెల్లాని పట్టుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. 1885లోనే అమెరికాలో పందుల జబ్బు మీద పనిచేస్తూ థియోబాల్డ్ స్మిత్ దాన్ని పట్టాడు. పేరు మాత్రం ఆయన పై అధికారి డేనియల్ సాల్మన్‌కి దక్కింది. (సర్కారీ ఆఫీసుల ఆచారాలు ఏ ఖండంలోనైనా ఒకటేనన్నమాట.) ఇవాళ ఏ సూక్ష్మజీవుల ల్యాబుకి వెళ్ళినా పద్ధతి సిద్ధంగా ఉంటుంది. 25 గ్రాముల మాంసం తీసి 225 మిల్లీలీటర్ల పెప్టోన్ నీళ్ళలో కలిపి, 37 డిగ్రీల వెచ్చదనంలో 18 గంటలు ఉంచుతారు. చలికీ ఉప్పుకీ సొమ్మసిల్లిన క్రిములు లేచి కూర్చోవడానికి ఆ విశ్రాంతి. తర్వాత, మిగతా క్రిముల గొంతు నొక్కి దీన్ని మాత్రం పెరగనిచ్చే ద్రవంలో ఇంకో రోజు. ఆపైన ఎక్స్‌ఎల్‌డీ అనే ఎర్రటి పదార్థం పోసిన గాజుపళ్ళెం మీద సన్నగా గీస్తారు. మర్నాడు పొద్దున మూత తీసి చూస్తే, ఎర్రని చుక్కల నడుమ నల్లటి బొట్లు. దిష్టిచుక్కలంత ముద్దుగా ఉంటాయి. అవి అదేనని రూఢి చేసుకోవడానికి మరో రోజో రెండ్రోజులో. వెరసి నాలుగైదు రోజులు. పీసీఆర్ మిషన్ ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే సంగతి తెలిసిపోతుంది.

కాంపైలోబాక్టర్ గారు ఇంకొంచెం సుకుమారులు. మామూలు గాలి పడదు, ఆక్సిజన్ అయిదు శాతం దగ్గరుంటేనే పెరుగుతారు. 41.5 డిగ్రీలు కావాలి, అంటే ఇంచుమించు కోడి ఒంటి వేడి. అత్తారింటికొచ్చిన కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలుండవు. ల్యాబులో ఇంత ముద్దు చేయించుకునేవారు, మొద్దు మీంచి కవర్లోకి, కవర్లోంచి మన వంటింటి సింకులోకి మాత్రం ఏ సదుపాయమూ అడక్కుండా వచ్చేస్తారు.

ఇప్పుడు టైము లెక్క వేయండి. సాల్మొనెల్లా లోపలికి పోయిన ఆరు గంటల నుంచి ఆరు రోజుల్లోగా మనిషిని పడేస్తుంది. ల్యాబులో తేలడానికి అయిదు రోజులు. మన 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం, నమూనా చేతికొచ్చాక ఫుడ్ అనలిస్టు రిపోర్టు పంపడానికి 14 రోజుల గడువు. కోడిని ఆదివారం పదింటికి కోస్తే ఒంటిగంటకల్లా కూరైపోతుంది, మూడింటికి కునుకు. అంటే దేశంలో అన్నిటికంటే వేగంగా ఫలితమిచ్చే పరీక్ష కేంద్రం మన కడుపే. గుర్తింపు పత్రం అక్కర్లేదు, టెక్నీషియన్ జీతం అక్కర్లేదు, నమూనా ఖర్చు కూడా మనమే పెట్టుకుంటాం. రిపోర్టు మాత్రం ఎవరికి ఇవ్వాలో తెలియక బాత్‌రూములో ఇచ్చేస్తాం.

ఇక్కడే అధికారులు ఒక పడికట్టు సాకు చెబుతారు. కోడి అరిగిపోయాక రిపోర్టు వచ్చి ఏం లాభమండీ, దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు కాదా అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పరీక్ష చేసేది మీరు తిన్న ఆ ఒక్క కోడి జాతకం చెప్పడానికి కాదు. ఆ మొద్దు, ఆ డ్రమ్ము, ఆ మిషన్, ఆ నీళ్ళు, ఆ కోడి వచ్చిన ఫారం, వీటన్నిటి జాతకం చెప్పడానికి. ఈ ఆదివారం దూదిపుల్లతో తీసిన నమూనాలో తేలిన క్రిమి వచ్చే ఆదివారం కూడా అదే మొద్దు మీద కాపురముంటుంది. రిపోర్టు ఆలస్యమైతే కొంపలు మునగవు. వచ్చిన రిపోర్టు ఫైల్లో పడుకుంటేనే మునుగుతాయి.

చట్టం లేదా అంటే, బోలెడుంది. మాంసంలో సాల్మొనెల్లా విషయంలో మన ప్రమాణం చాలా కఠినం. 25 గ్రాముల్లో అది కనబడనే కూడదు. వెయ్యి దాకా ఫర్వాలేదు, వంద దాకా చూసీచూడనట్టు పోదాం అన్న మొహమాటాలేమీ లేవు. ఆశయాల విషయంలో మనమెప్పుడూ పిసినారులం కాము. ఇక చిన్న షాపులకి లైసెన్సు బాధ లేకుండా 2011 నిబంధనల్లో ఉత్త రిజిస్ట్రేషన్ ఏర్పాటు పెట్టారు. రోజుకి 50 కోళ్ళకి మించి కోయనివాడికి అది చాలు. ఆదివారం పూట ఏ కూడలి షాపుకైనా వెళ్ళి ఆ యాభయ్యో కోడి ఎన్ని గంటలకి కడతేరుతుందో చూడండి. టిఫిన్ల వేళకే తేరుతుంది. ఆ తర్వాత కోసినవన్నీ చట్టం దృష్టిలో ఏమిటో మరి. బహుశా కాయగూరలై ఉంటాయి.

అలా అనడం అన్యాయమంటారా? 2001 నాటి కబేళా నిబంధనల ప్రకారం పురపాలక పరిధిలో జంతువుని గుర్తింపు ఉన్న కబేళాలో తప్ప ఇంకెక్కడా కోయకూడదు. మరి కోడి జంతువా కాదా? నవ్వకండి, 2023లో గుజరాత్ హైకోర్టు ముందు ఈ ధర్మసందేహం నిజంగానే వచ్చింది. ప్రభుత్వం తరఫు వకీలు ఆలోచించి, కోళ్ళు జంతువుల కిందికే వస్తాయని విన్నవించారు. బయాలజీ గట్టెక్కింది. అయితే ఆ లెక్కన వీధి షాపుల్లో కోసే ప్రతి కోడీ నిబంధన ఉల్లంఘనే. అన్నీ మూసేయిస్తారా అంటే, ఆ షాపుల మీద బతికే లక్షల కుటుంబాలున్నాయి, మూయించకూడదు కూడా. కాబట్టి చట్టం పుస్తకంలో శాకాహారిగా పడుంటుంది. మొద్దు వీధిలో తన పని తాను చేసుకుపోతుంది. ఇద్దరూ ఒకరి జోలికి ఒకరు రారు. మూయించడానికీ వదిలేయడానికీ మధ్య ‘పరీక్షించడం’ అనే పని ఒకటుందని మాత్రం ఎవరికీ తోచదు.

హైదరాబాద్‌కి శాస్త్రం కరువా? తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. నాచారంలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల. ఇంకాస్త ముందుకి పోతే చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ. అటు రాజేంద్రనగర్‌లో కోళ్ళ పరిశోధనకంటూ మరో జాతీయ సంస్థ. ప్రపంచంలో ఏ కోడికీ ఇంతమంది శాస్త్రవేత్తల మధ్య చనిపోయే భాగ్యం దొరకదు. తార్నాక నుంచి చెంగిచర్ల దాకా దారి పొడుగునా చికెన్ షాపులే. వాటిలో ఏ గోడ మీదైనా ‘ఈ మొద్దు పరీక్షించిన తేదీ’ అన్న కాగితం చూశారా? దీపం కింద చీకటి అంటారు. ఇక్కడ నాలుగు దీపాలు.

శాస్త్రవేత్తల తప్పు అనను. వాళ్ళు చూస్తున్నారు, రాస్తున్నారు. మందులకు లొంగని క్రిముల గురించి ఏళ్ళుగా నెత్తీనోరూ కొట్టుకుంటున్నారు. మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు ఆఖరి దిక్కుగా వాడే కోలిస్టిన్‌ని కోళ్ళ మేతలో బరువు పెరగడానికి కలుపుతుంటే, 2019 జులైలో కేంద్రం దాన్ని పశువుల, కోళ్ళ, చేపల పెంపకంలో నిషేధించింది. మంచి పనే. కానీ పరిశోధన పత్రం అచ్చయ్యేది ఇంగ్లీషు జర్నల్లో, అది చదివేవాళ్ళు ఇంకో పరిశోధన పత్రం రాసేవాళ్ళు. పేపర్లో షాపు పేరు ఉండదు, ‘నమూనా-17’ అని ఉంటుంది. నమూనా-17 దగ్గర కూర తెచ్చుకునే ఇల్లాలికి ఆ సంగతి ఎలా తెలియాలి?

మరి క్రిమి ఎప్పుడు బయటపడుతుంది? మనిషి పోయాక. 2022 మేలో కేరళలోని కాసరగోడ్ జిల్లాలో షవర్మా తిన్న ఒక స్కూలు పిల్ల చనిపోయింది, ఎంతోమంది ఆసుపత్రి పాలయ్యారు. అప్పుడు నమూనాలు పరుగెత్తుకుంటూ ల్యాబుకి వెళ్ళాయి. షిగెల్లా, సాల్మొనెల్లా రెండూ ఉన్నాయని రిపోర్టు వచ్చింది. అంటే ల్యాబు ఉంది, పద్ధతి ఉంది, మనుషులున్నారు. వాటిని కదిలించడానికి ఒక ప్రాణం కావాల్సి వచ్చింది. దీని మీద వ్యంగ్యం రాయడానికి చెయ్యి రాదు.

హైదరాబాద్ వంతు 2024 అక్టోబరులో వచ్చింది. మోమోలు తిని ఒక మహిళ చనిపోయింది, ఎందరో మంచాన పడ్డారు. మన ప్రభుత్వం మెరుపులా కదిలి, అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ని నిషేధించింది. పచ్చిగుడ్డు ప్రమాదమే, కాదనను. కానీ గుడ్డు ఎక్కడినుంచి వచ్చింది, ఆ ఫారంలో సాల్మొనెల్లా ఉందా, కోళ్ళకు టీకా ఉందా, గుడ్డు పెట్టిన దానికీ కూరలో పడ్డ దానికీ చుట్టరికముందా అన్న ప్రశ్నలన్నీ వదిలేసి సాసు మీద పడ్డారు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఏమిటో ఒక ప్రభుత్వ ఉత్తర్వు రూపంలో చూడటం అదే మొదటిసారి. నిషేధం సులువు. కాగితం, సంతకం, ప్రెస్ నోట్ చాలు. పరీక్షకైతే ప్రతివారం ఒక మనిషి దూదిపుల్ల పట్టుకుని వీధిలోకి వెళ్ళాలి.

ఇక అన్ని దేశాల ప్రభుత్వాలూ కంఠతా పట్టిన సలహా ఒకటుంది: బాగా ఉడికించి తినండి. ఒప్పుకుంటాను, దీనిలో మన వంట గొప్పది. ముక్క లోపల వేడి 74 డిగ్రీలకు చేరితే ఈ క్రిములు బతకవు. మనం ఆ అంకె ఎప్పుడో దాటేసి, కోడి తన రూపు తాను మరిచిపోయేదాకా ఉడికిస్తాం. పులుసు తుకతుకలాడుతుండగా సాల్మొనెల్లా ఊపిరి పీల్చుకోలేదు. మన నాయనమ్మలు మనల్ని కాపాడినంతగా ఆహార భద్రత శాఖ కాపాడలేదు. కానీ క్రిమి కూరలోంచి రాదు, కూర పక్కనుంచి వస్తుంది. పసుపు, ఉప్పు, నిమ్మకాయ వేసి కుళాయి కింద మూడునాలుగు నీళ్ళు కడుగుతాం. ఆ తుంపర్లు సింకంతా, పక్కన ఆరబెట్టిన గ్లాసుల మీదంతా పడతాయి. పచ్చి కోడిని కడగొద్దు మొర్రో అని బ్రిటన్ ఆహార సంస్థ 2014లో ఒక ప్రచారమే నడిపింది. (మొద్దు మీంచి వచ్చిన కోడిని కడక్కుండా వండమంటే మన అమ్మలు ఆ సంస్థనే కడిగేస్తారు, అది వేరే సంగతి. వాళ్ళ కోడి కడగనక్కర్లేకుండా వస్తుంది, మనది రాదు.) కోడి నరికిన కత్తిపీట మీదే ఉల్లిపాయ చక్రాలు కోస్తాం. పులుసులో క్రిములు చస్తుంటే ఉల్లిచక్రాల మీద బతుకుతుంటాయి. ఆ చక్రాలు పచ్చివే తింటాం, పైన నిమ్మకాయ పిండుకుని మరీ.

ఆ సలహా వెనకున్న మతలబు అమెరికా వాళ్ళు కోర్టు ముఖంగా బయటపెట్టారు. కోడి మీద తనిఖీ ముద్ర ఒక్కటే వేస్తే చాలదు, సాల్మొనెల్లా హెచ్చరిక కూడా ఉండాలని ప్రజారోగ్య సంఘం కేసు వేస్తే, 1974లో అప్పీలు కోర్టు తోసిపుచ్చింది. అమెరికా గృహిణులు తెలివితక్కువవాళ్ళు కారు, వాళ్ళకి వండటం వచ్చు అని. ఇంతకంటే మర్యాదగా బాధ్యతని ఆడవాళ్ళ నెత్తిన పెట్టడం ఏ అత్తగారికీ చేతకాలేదు. ఆ దేశంలో ఇవాళ్టికీ పచ్చికోడిలో సాల్మొనెల్లా ఉండటం దానంతటదే నేరం కాదు. ముక్కలు చేయని కోళ్ళకు పెట్టుకున్న గీత 9.8 శాతం. పదింట ఒకదానికి కాస్త తక్కువగా క్రిమి కనబడితే ఫ్యాక్టరీ పాసైనట్టు. ఫెయిలైనా గుమ్మానికి తాళం పడదు. 2013 మార్చి నుంచి 2014 జులై దాకా కాలిఫోర్నియాలోని ఫాస్టర్ ఫార్మ్స్ కోళ్ళతో ముడిపడి 634 మంది జబ్బు పడ్డారని ప్రభుత్వమే లెక్క తేల్చింది. సరుకు వెనక్కి పిలిచింది మాత్రం 2014 జులైలో. గీత బిగిద్దామని 2024లో ప్రతిపాదించి, 2025 ఏప్రిల్లో ఆ ప్రతిపాదననే వెనక్కి పిలిచారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు, అక్కడ కోడి ప్లాస్టిక్ పళ్ళెంలో చల్లగా, తెల్లగా, ముద్రలతో వస్తుంది కాబట్టి అందులో ఏమీ ఉండదని ఇక్కడున్న అమ్మకి ఫోన్లో చెబుతుంటారు. ఆ క్రిమికి వీసా అక్కర్లేదు నాయనా.

పనిచేసిన మందు ఒకటి కూడా ఉంది. అది చెప్పకపోతే అన్యాయం. బ్రిటన్ ఆహార సంస్థ 2014 ఫిబ్రవరి నుంచి ఏడాదిపాటు దుకాణాల్లో అమ్మే చల్లని కోళ్ళు నాలుగు వేలకు పైగా కొని పరీక్షించింది. ఫారాల్లో కాదు, ఫ్యాక్టరీల్లో కాదు, జనం కొనే చోటే. 73 శాతం కోళ్ళలో కాంపైలోబాక్టర్ ఉంది. 19 శాతంలో గ్రాముకి వెయ్యికి మించి ఉంది. ఏడు శాతం ప్యాకెట్లకి బయటివైపే అంటుకుని ఉంది, అంటే కోడిని ముట్టుకోకుండా కవరు పట్టుకున్నా చాలు. ఇంతవరకూ ఏ జర్నల్లోనైనా అచ్చయ్యేదే. తర్వాత చేసింది చూడండి. ఏ సూపర్‌మార్కెట్ కోళ్ళలో ఎంత శాతమో, టెస్కో, సెయిన్స్‌బరీస్, ఆస్డా అంటూ పేరు పేరునా పట్టిక వేసి బయటపెట్టింది. పరిశ్రమ గగ్గోలు పెట్టింది. జనం బెదిరిపోతారు, వ్యాపారం మూలపడుతుంది అంది. జనం బెదరలేదు, కోడి తినడం మానలేదు. పట్టికలో అట్టడుగున ఉండటానికి ఎవరికీ ఇష్టం లేక కంపెనీలు మెడచర్మం కోసేయడం, ఫారంలో బూట్లు మార్చుకోవడం లాంటి పనులు మొదలుపెట్టాయి. తర్వాతి ఏళ్ళలో ఎక్కువ క్రిములున్న కోళ్ళ శాతం బాగా పడిపోయింది. దశాబ్దాలుగా హితబోధతో కాని పని పేరు బయటపెడితే అయింది.

మనకి అంత పెద్ద పట్టిక అక్కర్లేదు. ప్రతి షాపు ముందూ నల్లబోర్డు ఉండనే ఉంది. లైవ్, డ్రెస్డ్, స్కిన్‌లెస్ అని రోజూ సుద్దముక్కతో రాస్తూనే ఉన్నారు. దాని కింద నాలుగో గీత చాలు: మొద్దు పరీక్షించిన తేదీ, వచ్చిన ఫలితం. నాచారం ల్యాబు నుంచి ఒక మనిషి, సంచీలో కొన్ని దూదిపుల్లలు, ఒక ఐస్‌పెట్టె. చెడ్డ ఫలితం వస్తే షాపు మూయించనక్కర్లేదు, మొద్దు మార్పించి, నీళ్ళు మార్పించి, మళ్ళీ పరీక్షిస్తే చాలు. కాటా మీద గ్రాము తేడా వస్తే గొడవపడే మనవాడు, నాలుగో గీత ఖాళీగా ఉంటే ఊరుకుంటాడా?

మా వీధి షాపు కుర్రాడితో ఈ మాటే అన్నాను. కత్తి ఆపకుండానే విన్నాడు.

“గిట్ల రాస్తే గిరాకీ ఎవడొస్తడు సార్?” అన్నాడు.

“అన్ని షాపులూ రాస్తే వస్తారు తమ్ముడూ. బాగున్నోళ్ళ దగ్గరికి ఇంకా ఎక్కువ వస్తారు.”

కాసేపు ఆలోచించాడు. గుడ్డతో కత్తి తుడిచాడు, అదే గుడ్డతో చెయ్యి తుడిచాడు, కవరు ముడి వేసి నా చేతికిచ్చాడు. గోడ మీద పెట్టె నా డబ్బు ముట్టినట్టు అరిచింది.

“రాస్త సార్. ముందుగాల పక్క షాపోనితోటి రాయించుండ్రి.”